మొక్కు చీర

రవికె హుక్కులు పడడం లేదు. కింది రెండూ పట్టాయి. మూడోది పెడితే మొదటిది ఊడుతోంది. నడింట్లో బీరువా అద్దం ముందర, పైన రవికె, కింద లంగాతో నిలబడి ఉన్నావు. అద్దంలోకి చూడకూడదని తెల్లవారి నుంచి అనుకుంటూనే ఉన్నావు, కానీ ఇంట్లో ఎటు తిరిగినా కనబడేది ఆ అద్దమే.

"ఊపిరి బిగబట్టు అల్లుడా" అంటోంది అత్త.

బిగబట్టావు. మూడో హుక్కు పడింది. ఊపిరి వదలగానే చంక దగ్గర టప్పుమని దారం తెగిన చప్పుడు.

"పోనీలే, పైట కిందికి పోతాది" అని అత్త పళ్ల మధ్య పెట్టుకున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి ఆ చోట గుచ్చింది. రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుని ఈ రవికెకు రెండు పక్కలా లోపలి కుట్టు విప్పింది ఆమే. దర్జీ లోపల వేలెడు గుడ్డ ఎందుకు వదులుతాడో, ఒళ్లు చేసినప్పుడు ఆడవాళ్లు దాన్నెలా వాడుకుంటారో నీకు నిన్నటిదాకా తెలియదు. భుజాల దగ్గర మాత్రం విప్పడానికి ఏమీ ఉండదు. అందుకే ఇప్పుడు నీ చేతులు పక్కలకు ఆనవు, పైకీ లేవవు.

నాడా నువ్వే ముడేసుకున్నావు. అవ్వ మంచం మీంచే ఒప్పుకోలేదు. "అట్ల గాదురా. చీర బరువంతా దాని మీదనే గదా. బజార్లో జారితే ఎవురు పట్టుకుంటారు?" అత్త ముడి విప్పి, రెండు చేతులా లాగి మళ్లీ వేసింది. తిన్న ఉప్మా గొంతుదాకా వచ్చినట్టయింది. ఇక చీర. అత్త పెండ్లినాటి ధర్మవరం పట్టు. కుంకుమ రంగు, బెత్తెడు జరీ అంచు. చుట్టూ ఒక్క తిప్పు తిప్పి దోపింది. పైట కొలిచి భుజాన వేసి నిన్ను పట్టుకోమంది. మిగిలిన గుడ్డను చాచిన బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఆడిస్తూ కుచ్చిళ్లు పెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఆరో కుచ్చి దగ్గర గుడ్డ అయిపోయింది. "ఎత్తు మనిషివి, నడుము లావు" అని గొణుక్కుని అంతా విప్పేసి, ఈసారి తిప్పు బిగించి, ఏడు పెట్టింది. మోకాళ్ల మీద కూర్చుని కింది కొసలన్నీ ఒక వరుసకు లాగింది. ఈ పని ఆమె తనకు తాను రోజూ ఎవరి సాయమూ లేకుండా, పాలు పొంగేలోపు చేసుకుంటుంది.

నిన్న తెల్లారకముందే ఆత్మకూరులో బస్సెక్కావు. శివరాత్రి సందడి అణిగి ఊరు ఊపిరి పీల్చుకుంటున్న రోజులు. వెంకటాపురం, నాగలూటి మీదుగా అడవిదారిన శ్రీశైలం నడిచిపోయే జనం వెళ్లిపోయారు. ఉగాదికి కన్నడ భక్తులు గుంపులు గుంపులుగా రావడానికి ఇంకా రోజులున్నాయి. ఫాల్గుణ పౌర్ణమి ఆ రెంటి మధ్యనా పడుతుంది. మల్లన్న అడవి అంచున పుట్టి పెరిగినవాడివి, ఆ మల్లన్న మూడోకన్ను తెరిచి బూడిద చేసిన మన్మథుడికి మొక్కు తీర్చడానికి బయల్దేరావు. బస్సులో ఆ మాట తలుచుకుని నవ్వుకున్నావు కూడా. నందికొట్కూరు దాటేసరికి నవ్వు పోయింది.

మొక్కు అమ్మది. రెండేండ్ల కిందట బైర్లూటి దగ్గర మలుపులో బండి మీద నుంచి పడ్డావు. నీకు తెలివి లేని ఆ రాత్రి అమ్మ తన పుట్టింటి దేవుళ్లను తలుచుకుంది. బిడ్డ లేచి తిరిగితే హోలీకి చీర కట్టించి రతీమన్మథుల ముందర నిలబెడతానంది. లేచి తిరిగావు. పోయినేడు పని ఉందని తప్పించుకున్నావు. ఈ ఏడు అమ్మ ఒక్క మాటా అనలేదు. నీ ఎదురుగా కూర్చుని నువ్వు తింటుంటే చూసింది. అంతకంటే ఏం అనాలి?

అమ్మ పుట్టిల్లు సంతెకూడ్లూరు. ఆదోని ప్రాంతం, కర్ణాటక సరిహద్దుకు దగ్గర. ఒకప్పుడు నీ ఊరూ ఆ ఊరూ ఒకే కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా వేరుపడ్డాక అమ్మ పుట్టినిల్లు ఒక జిల్లా, మెట్టినిల్లు ఒక జిల్లా అయ్యాయి. ఈ ఊళ్లో హోలీకి మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి, పళ్లెంలో నైవేద్యంతో గుడికి పోతారు. ఒకరో ఇద్దరో కాదు, ఇంటింటి నుంచీ. పెండ్లి కావాలని, పంట పండాలని, జబ్బు తగ్గాలని మొక్కుతారు. తీరినవాళ్లు కడతారు, తీరాలనేవాళ్లూ కడతారు. చిన్నప్పుడు చూశావు కూడా. అవ్వ ఒళ్లో కూర్చుని మామను చూసి గుర్తుపట్టక ఏడ్చావట. ఆ కథ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

చూడడం వేరు. ఈ సంగతి నీ ఊళ్లో ఒక్క స్నేహితుడికే చెప్పావు. వాడు వెంటనే "పుష్ప-2 గెటప్పా మామా?" అన్నాడు. 2024 డిసెంబరులో ఆ సినిమా వచ్చాక తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు కట్టే చీర దేశమంతటికీ తెలిసింది. మంచిదే. కానీ తెరమీద హీరో చీర కట్టాక ఫైటు ఉంటుంది. మగతనం పోలేదని రుజువు చేయడానికి పదిమంది గాల్లోకి లేస్తారు. నీకు ఫైటు లేదు. కట్టుకుని గుడిదాకా నడవాలి, అంతే. మన సినిమాల్లో చీర కట్టిన మగాడికి ఇన్నాళ్లూ ఉన్న దారులు రెండే. ఒకటి కమెడియన్‌ది, రెండోది ఈ మధ్య వచ్చిన ఉగ్రరూపం. ఎండలో పళ్లెం పట్టుకుని వరసలో నిలబడే మనిషికి సినిమాలో చోటు లేదు.

"బావా, పైకి సూడు."

అసలు భయం ఇదిగో. మామ కూతురు. ఆదోనిలో డిగ్రీ చదువుతోంది. పెద్దవాళ్లు మీ ఇద్దరి గురించీ ఏవో మాటలు అనుకుంటూనే ఉన్నారని ఇద్దరికీ తెలుసు. ఆ పిల్ల ఇప్పుడు ఎడమచేత్తో నీ గడ్డం పట్టుకుని, కుడిచేతి వేలి కొసన కాటుకతో నీ కన్నుకేసి వస్తోంది. రాత్రంతా నువ్వు ఊహించుకున్నది ఈ పిల్ల నవ్వునే. ఆమె నవ్వడం లేదు. ఆవలిస్తోంది. పొద్దుటి నుంచీ వీధిలో ఇద్దరు చిన్నాన్నలకూ, పక్కింటి తాతకూ ఈ పనే చేసి వచ్చింది.

"రెప్ప కొట్టొద్దన్నానా? సెదిరిపోయ. పక్కింటి తాత నయం."

కాటుక చెదిరింది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టింది. చెవులకు రంధ్రాలు లేవు కాబట్టి నొక్కుడు జుంకాలు. అవి పెట్టిన నిమిషానికే తమ్మెలు మండుతాయి, పావుగంటకు మొద్దుబారతాయి. గాజులు 2.10 సైజువి రెండు డజన్లు తెప్పించారు. అయినా బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోతున్నాయి. సబ్బునీళ్లు తెచ్చింది. చెయ్యి ముడిచి, ఎముక మీద నొక్కి, మెలితిప్పి లోపలికి తోసింది. మూడు పగిలాయి. అవ్వ మూడుసార్లూ "శివశివా" అంది. ఎవరి ఊళ్లో ఉండి ఎవరిని తలుస్తోందో అడుగుదామనుకుని ఊరుకున్నావు.

మీసం సంగతి నిన్ననే తేలింది. బస్సు దిగిన వెంటనే నువ్వు అడిగిన మొదటి మాట అదే. "మీసం గీసుకోవల్లనా అవ్వా?" సీమలో మీసం చిన్న విషయమా. అవ్వ సొరకాయ తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "నీ ఇష్టం నాయనా. నువ్వెవురో దేవునికి తెల్దా?" ఉంచుకున్నావు. ఇప్పుడు మరదలు లిప్‌స్టిక్కు తెరిచి నీ పైపెదవి వంక చూసి, కాసేపు ఆలోచించి, కింది పెదవికి మాత్రం రాసి మూత పెట్టేసింది.

సవరం, కనకాంబరాలు. పౌడరు. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు అవ్వే మంచం దిగి వచ్చి పెట్టింది. పెట్టాక రెండు చేతులతో నీ చెంపలు నిమిరి మెటికలు విరిచింది. నీ తల మీద కుట్లు పడిన చోట ఆమె వేళ్లు కాస్త ఆగాయి.

మామ అప్పటికే తయారు. గుబురు మీసం, ఎమ్మిగనూరు నూలుచీర, చేతిలో పళ్లెం. ఎవరి సాయమూ లేకుండా తానే కట్టుకున్నాడు. మాచాని సోమప్ప పెట్టిన నేత సంఘం పుణ్యమా అని ఎమ్మిగనూరు చీర ఈ చుట్టుపక్కల ప్రతి ఇంటి పెట్టెలోనూ ఒకటి ఉంటుంది. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. మామ కుచ్చిళ్లు అత్త పెట్టినవాటికంటే చక్కగా ఉన్నాయని అత్తే ఒప్పుకుంటుంది. నిన్ను కిందినుంచి పైదాకా చూసి మామ అన్నది ఒకటే మాట. "పోదామా? ఎండెక్కుతాంది."

గడప దాటడం. కుడికాలు ఎత్తావు, కుచ్చిళ్లు తొక్కావు, ముందుకు తూలావు. పళ్లెంలో ఓళిగలు ఒక మూలకు జారాయి. "ఎడంచేత్తో కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకోని దాటల్ల" అని వెనకనుంచి ముగ్గురాడవాళ్లూ ఒకేసారి అన్నారు. పట్టుకున్నావు. దాటావు. వీధిలో పడ్డావు.

ఫాల్గుణం ఎండ, తెల్లటి వెలుగు. ఒక్క క్షణం ఏమీ కనబడలేదు. తర్వాత కనబడింది ఎదురింటి పెద్దాయన. నిన్న సాయంత్రం ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని గ్రీజు పూస్తున్న మనిషి, ఇవాళ వంకాయరంగు చీరలో అరుగు మీద కాలు మీద కాలేసుకుని బీడీ తాగుతున్నాడు. నిన్ను చూసి కళ్లు చిట్లించాడు. గుండె నోట్లోకి వచ్చింది.

"ఎవురి పిల్లోడుప్పా?"

మామ అమ్మ పేరు చెప్పాడు.

"ఆత్మకూరుకిచ్చిన పాప కొడుకా! వానలు పడినాయా మీ దిక్కు?"

పడలేదన్నావు. నీ గొంతు నీకే వింతగా వినబడింది. పెద్దాయన తల ఊపి బీడీ దులిపాడు. అంతే. నువ్వు ఇన్నాళ్లుగా దాచుకున్న భయానికి ఊరు ఇచ్చిన జవాబు వానల గురించి ఒక ప్రశ్న.

సందు మలుపు తిరిగేసరికి వీధంతా చీరలే. గుంటూరు మిరపకోతకు సుగ్గికి పోయినవాళ్లు, బెంగుళూరులో సెంట్రింగు పనిలో ఉన్నవాళ్లు ఈ రెండు రోజులకు వచ్చారు. పత్తి ఏరిన నల్లరేగడి చేతులు, సిమెంటుకు పగిలిన చేతులు, వాటి నిండా గాజులు. కన్నడం, తెలుగు ఒకే వాక్యంలో కలిసి దొర్లుతున్నాయి. ముందర డప్పులు. చీరలో నడవడం నీకు డప్పే నేర్పింది. అంగ పెద్దదిగా వేస్తే గుడ్డ పట్టేస్తోంది, దెబ్బకు ఒక అడుగు లెక్కన వేస్తే చీర కూడా నీతో వస్తోంది. ఎవరూ ఒయ్యారాలు పోవడం లేదు, నడుములు తిప్పడం లేదు. మామ నడక పొలానికి పోయే నడకే, అంగ మాత్రం కురచ.

ఇబ్బంది వచ్చింది బయటివాళ్లతో. గుడి దగ్గరలో ఫోన్లు పైకెత్తి పట్టుకున్న కుర్రాళ్లు ఉన్నారు, ఆదోని నుంచో ఇంకెక్కణ్నుంచో వచ్చారు. వాళ్ల కళ్లలో నీకు తెలిసిన నవ్వు ఉంది, నువ్వు రాత్రంతా ఊహించుకున్న నవ్వు. మైకు పట్టుకుని ఒకాయన నీ దగ్గరికే వచ్చాడు. కొత్తవాణ్ని ఎలా కనిపెడతారో! పైట తలమీదికి లాక్కుని మామ వెనక్కి తగ్గావు. మామ మైకులోకి వంగాడు. "మొక్కుప్పా. తొందరగా అడుగు, ఎండ." అడగడానికి ఆయనకూ పెద్దగా ఏమీ దొరకలేదు.

గుడి వరస కదలడం లేదు. పట్టులోపల చెమట వీపు మీంచి కారి నాడా దగ్గర ఆగుతోంది. జేబు లేదు, రుమాలు లేదు. ఫోను నడుం దగ్గర దోపుకున్నావు. అది ఇప్పుడే గరగరలాడాలా? తీయబోతే కుచ్చిళ్లు కదిలాయి. వెనకాయన, బంతిపూల దండేసుకున్న ఆయన, "నేను పట్టుకుంటాలే, తియ్యి" అని నీ కుచ్చిళ్లు గట్టిగా పట్టుకున్నాడు. డల్లాస్ నుంచి నీ చిన్నాన్న కొడుకు. అమ్మ చెప్పేసినట్టుంది. "ఇక్కడ అక్టోబరు 31న హాలోవీన్‌కి నేనూ మా ఆవిడ చీర కట్టా అన్నా, ఏం కాదు. ఎవడూ పట్టించుకోడు" అని ధైర్యం చెప్పాడు. వాడిదీ నిజమే. అక్కడ ఆ ఒక్క రాత్రి ఎవరు ఏ వేషం వేసినా అడిగేవాడుండడు. కానీ వాడికి కావలసింది నలుగురు చూసి నవ్వడం. ఇక్కడ ఎవరూ వేషం అనుకోవడం లేదు. పిల్లలు కూడా నవ్వకుండా ప్రసాదం కోసం చేతులు చాస్తున్నారు.

ఇలా మొదటిసారి చీర కట్టిన మగవాళ్లలో గొప్పవాళ్లూ ఉన్నారు. బాపట్ల స్థానం నరసింహారావు 1920లో హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేయాల్సినవాడు రాకపోతే ఆ పాత్ర తాను కట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా లేవు. ఆ తర్వాత సత్యభామ, చింతామణి, మధురవాణి, రోషనార. 1956లో పద్మశ్రీ. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ భామాకలాపం ఆడితే చూసినవాళ్లు ఇంకో సత్యభామను ఒప్పుకోలేదు. మరోపక్క ఈ ఊరికి దగ్గరలోనే బళ్లారి ఉంది. అక్కడి రాఘవ ఆడపాత్ర ఆడదే వేయాలని పట్టుబట్టి, స్త్రీలను రంగస్థలానికి తెచ్చాడు. ఆయన మాటే గెలిచింది, గెలవాల్సిందే. నాటకంలో మగవాడి చీర అలా పోయింది. కేరళలో కొల్లం దగ్గరి చవర కొట్టంకులంగర గుడిలో మార్చిలో మగవాళ్లు చీరల్లో దీపాలు పట్టే మొక్కు ఉంది, తిరుపతి గంగమ్మకు ఉంది, ఇక్కడుంది. దేవుడి దగ్గర మాత్రం చీర నిలబడింది.

వరసలో నిలబడి నువ్వు వీటిలో ఏదీ తలుచుకోవడం లేదు. నీకు నిన్నటి ఆదోని బస్టాండు గుర్తొస్తోంది. చీర కట్టిన ఒకామె చప్పట్లు కొట్టుకుంటూ బస్సెక్కింది. నీ దగ్గరికి వచ్చేసరికి నువ్వు ఫోనులో తల దూర్చావు. పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆమె అందులో కూర్చోలేదు, ఎవరూ కూర్చోమననూ లేదు. 2014లో సుప్రీంకోర్టు ఆమెలాంటివాళ్లను మూడో జెండరుగా గుర్తించింది, కాగితం మీద హక్కులున్నాయి. రెండు రోజుల చీరకు ఊరు ఊరంతా డప్పు కొట్టి దారి ఇస్తోంది. ఏడాది పొడుగునా కట్టుకునేవాళ్లకు బస్సులో పక్కకు జరగదు. ఈ ఊరి తప్పని అనలేం, ఏ ఊరైనా అంతే. ఆమె చేతికున్న గాజులూ ఇలాంటివే, ఆకుపచ్చవే.

గుడిలోపల చీకటి, కర్పూరం, తోపులాట. పూల మధ్య రతీమన్మథుల ముఖాలు సరిగా కనబడలేదు. పూజారి పళ్లెం అందుకుని పేరు అడిగాడు. నీ పేరే చెప్పావు. ఆయన ఆ మీసం వంకా, బొట్టు వంకా చూడకుండా ఆ పేరు మీదే పూజ చేసి, టెంకాయ చిప్ప చేతిలో పెట్టి, "జరుగమ్మా" అన్నాడు. ఆ మాట నీకో, నీ వెనకాయనకో తెలియలేదు. ఇద్దరూ జరిగారు.

బయటికొచ్చి మామతో కలిసి వేపచెట్టు కింద కూర్చున్నావు. కూర్చునేటప్పుడు మోకాళ్లు దగ్గరికి చేర్చి, పైట ఒళ్లోకి లాక్కున్నావు. ఎవరూ చెప్పలేదు. ఓళిగ విరిచి సగం మామకిచ్చావు. గాజులు గలగలమంటే ఎవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగావు. మామ నోరు తెరిచి నవ్వాడు. పొద్దుటి నుంచి ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఇంటికి చేరేసరికి రెండు దాటింది. అత్త పిన్నీసులు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేస్తోంది. నాడా విప్పగానే పొట్ట చుట్టూ ఎర్రటి గీత. రవికె చంకలో పూర్తిగా పోయింది. చెవి తమ్మెలు ఉబ్బాయి. అమ్మ ఫోను చేసింది, ఫొటో పంపమంది, చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బొట్టు మా యమ్మ పెట్టిందా?" అంది.

పట్టుచీర మడతపెడుతూ అత్త అడిగింది. "రేపు కూడా కట్టల్ల కదా. ఇదే కడదువా, ఇంకోటి తీయల్లనా?"

"ఇది మోయలేనత్తా. రేపటికి మామ కట్టిన్యాడే, ఆ నూలుది ఇయ్యి."

"అది ఇయ్యడు" అంది అత్త. "రేపటికీ అదేనని పొద్దున్నే సెప్పి పెట్టుకున్నాడు."